మోకీలు మార్పిడి తర్వాతి మూడు రోజులు: కరిగే మందుల వెనుక కథ

మోకీలు మార్పిడి చేయించుకున్నవాళ్లను అడగండి. ఆపరేషన్ బల్ల మీద ఏమీ తెలియలేదంటారు. తిమ్మిరి దిగిన రాత్రి నుంచే అసలు బాధ, అది రెండు మూడు రోజులు పీడిస్తుంది. 1957లో స్వీడన్‌లో తయారైన బ్యుపివకెయిన్ మంచి తిమ్మిరి మందే కానీ, ఒక ఇంజెక్షన్ పనిచేసేది కొన్ని గంటలే.

ఎముక దగ్గరే మందు పెట్టి వదిలెయ్యాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1970లోనే జర్మనీలో బుఖ్‌హోల్జ్ బృందం చీము పట్టకుండా కృత్రిమ కీలును ఎముకకు అతికించే బోన్ సిమెంట్‌లో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపింది. తర్వాత అదే సరుకుతో పూసలు వచ్చాయి. అవి కరగవు, తియ్యాలంటే మళ్లీ కోత. ఒంట్లో కరిగిపోయే పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) కుట్టుదారాలు కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే వాడుకలోకి వచ్చాయి. 1989లో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు అలాంటి పాలిమర్‌లో పొదిగిన నెలవారీ ఇంజెక్షన్ అమెరికాలో వచ్చింది. నొప్పి వంతు మాత్రం రాలేదు. మాత్రలు ఉన్నాయి కదా అన్న ధీమాయే అందుకు కారణమని నా నమ్మకం.

ఆ ధీమాకు అమెరికా భారీ మూల్యం చెల్లించింది. 1996లో ఆక్సికాంటిన్ అనే నొప్పి మాత్ర మార్కెట్లోకి వచ్చాక నల్లమందు జాతి మాత్రలు విచ్చలవిడిగా రాశారు. తర్వాత హెరాయిన్, దొంగచాటు ఫెంటానిల్ తోడయ్యాయి. 2021 ఒక్క ఏడాదే ఈ జాతి మందుల మోతాదు మించి 80,000 మందికి పైగా చనిపోయారు. మరోపక్క, కీలులోకి గొట్టం వేసి పంపుతో తిమ్మిరి మందు ఎక్కించిన కొందరికి భుజం మృదులాస్థే నశించింది. 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిపై హెచ్చరించింది.

2011లో కొవ్వు బుడగల్లో దాచిన బ్యుపివకెయిన్‌కు అనుమతి దొరికింది. బొటనవేలి ఎముక ఆపరేషన్ మీద దాన్ని పరీక్షించారు. ఇంకో అడ్డంకి మిగిలింది. కోసిన చోట వాపుతో కణజాలం ఆమ్లంగా మారుతుంది, అప్పుడు మందు నరం పొరను దాటి లోపలికి పోలేదు. 2021 మేలో ఎఫ్‌డీఏ అనుమతించిన జిన్‌రెలెఫ్ ఇక్కడే గురిపెట్టింది. కరిగే పాలిమర్‌లో బ్యుపివకెయిన్‌తో పాటు వాపు తగ్గించే మెలాక్సికామ్‌నూ అందులో కలిపారు. కుట్లు వేసేముందు ఈ చిక్కటి పసుపు ద్రవాన్ని సూది లేకుండానే గాయం లోపల పూస్తారు. ఒంట్లోని నీటికి పాలిమర్ నెమ్మదిగా విడిపోతూ, దాదాపు 72 గంటల పాటు రెండు మందులనూ వదులుతుంది.

ఇక మిగిలింది డబ్బు. అమెరికాలో ఔట్‌పేషెంట్ ఆపరేషన్లకు మెడికేర్ (ముఖ్యంగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఇచ్చే ప్యాకేజీలోనే ఇలాంటి మందుల ధర చాలావరకు కలిసిపోయేది. 2022 డిసెంబరులో ఆమోదం పొందిన చట్టం ప్రకారం, 2025 జనవరి 1 నుంచి అర్హత ఉన్న నల్లమందేతర నొప్పి మందులకు విడిగా చెల్లిస్తున్నారు.