శెనక్కాయ ప్రోటీన్‌లో కాల్షియం ఎక్కడ?

1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ప్రోటీన్ల త్రిమితీయ నిర్మాణాలను భద్రపరిచే ప్రోటీన్ డేటా బ్యాంక్ (పీడీబీ) మొదలైనప్పుడు అందులో ఉన్నవి ఏడే నిర్మాణాలు. 2023 నాటికి అవి రెండు లక్షలు దాటాయి. ఇక ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రామ్ లెక్కగట్టి ఇచ్చిన నమూనాలు 20 కోట్ల పైమాటే. తిరుపతిలోని ఏ విశ్వవిద్యాలయ విద్యార్థులో చిత్తూరు రైతులు పండించే శెనక్కాయ మీద, దాని ప్రోటీన్ల కోసం చిన్న డేటాబేస్ కట్టాలనుకుంటే ఫైళ్లకు కరువు లేదు, ఒక మామూలు కంప్యూటర్ చాలు. కరువంతా ఆ ఫైళ్ల పక్కన ఉండాల్సిన వివరానికే. ఈ పరమాణువు ఏది, ఈ నంబరు ఎవరి లెక్క, ఈ భాగాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అన్నవి బొమ్మ దగ్గరే కనిపించాలి. వాటిని వేరే పేజీలో దాచితే ఎవరూ తెరిచి చూడరు.

శెనక్కాయ లెక్టిన్‌నే తీసుకుందాం. చక్కెరలను పట్టుకునే ఈ ప్రోటీన్ నిర్మాణాన్ని బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎం. విజయన్ బృందం 1990లలో తేల్చింది. లాక్టోజ్‌తో కలిసిన రూపం పీడీబీలో 2పీఈఎల్ పేరుతో ఉంది. అందులో అమైనో ఆమ్లాల గొలుసులు నాలుగు, ఒక్కో గొలుసులో ఒక కాల్షియం, ఒక మాంగనీస్. పాత పీడీబీ ఫార్మాట్‌లో ఒక్కో పరమాణువుకు 80 గడుల వరుస ఒకటి ఉంటుంది. పరమాణువు పేరుకు 13 నుంచి 16 దాకా గడులు. ఆల్ఫా కార్బన్‌కూ, కాల్షియంకూ రాసే అక్షరాలు అవే రెండు: సీ, ఏ. తేడా అల్లా స్థానంలోనే. కార్బన్‌కైతే 13వ గడి ఖాళీ, 14లో సీ. కాల్షియంకైతే 13లోనే సీ. ఖాళీలు తీసేసి చదివే ప్రోగ్రామ్‌కు రెండూ ఒకటే. ప్రతి అమైనో ఆమ్లానికీ ఒక ఆల్ఫా కార్బన్ ఉంటుంది కాబట్టి, కాల్షియం కోసం వెతికితే వందల్లో వస్తాయి. మూలకం పేరు 77, 78 గడుల్లో విడిగా ఉంటుంది, చదవాల్సింది దాన్ని. ఇంకా మంచి మార్గం ఎంఎంసిఫ్ అనే కొత్త ఫార్మాట్‌కు మారడం. అందులో మూలకానికి సొంత కాలమ్ ఉంది, గడుల గోల లేదు. పాత ఫార్మాట్‌లో పరమాణువుల వరుస సంఖ్య 99,999 దగ్గర ఆగిపోతుంది, గొలుసు పేరుకు ఒక్క అక్షరమే చోటు. అందుకే రైబోజోమ్ వంటి పెద్ద నిర్మాణాలను ఒకప్పుడు ముక్కలు చేసి పెట్టాల్సి వచ్చేది.

అన్నిటికంటే ఎక్కువ మందిని తప్పుదారి పట్టించేది నంబర్లే. సికిల్ సెల్ మార్పు హీమోగ్లోబిన్ బీటా గొలుసులో 6వ స్థానంలో ఉందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. జన్యు నివేదికలో అదే 7 అని ఉంటుంది, ఎందుకంటే అక్కడ మొదటి మెథియోనిన్‌ను కూడా లెక్కపెడతారు. ఎంఎంసిఫ్‌లో ప్రతి అమైనో ఆమ్లానికీ రెండు నంబర్లుంటాయి: నిర్మాణం తేల్చినవాళ్లు ఇచ్చింది ఒకటి, ప్రయోగానికి వాడిన అమైనో ఆమ్లాల వరుసలో 1 నుంచి లెక్కపెట్టింది ఒకటి. ప్రోటీన్ల వరుసలను దాచే యూనిప్రాట్ డేటాబేస్ ఇచ్చే నంబరు మూడోది, దాన్ని సిఫ్ట్స్ అనే జతల పట్టిక నుంచి తెచ్చుకోవాలి. మూడింటినీ మూడు కాలమ్‌లలో ఉంచాలి. ఒకదాన్నుంచి ఒక అంకె కూడి, తీసి ఇంకొకటి రాబట్టకూడదు. మధ్యలో నిర్మాణంలో కనబడని వంపు ముక్క (లూప్) గానీ, 52ఏ లాంటి అక్షరం చేరిన నంబరు గానీ ఉంటే ఆ కూడిక తీసివేత అక్కడి నుంచి చివరిదాకా తప్పుతుంది.

ఈ నంబర్లను జతపరచడం గొలుసు మొత్తానికి చేస్తే సరిపోదు, భాగాల వారీగా చేయాలి. శెనక్కాయ ఎలర్జీకి ప్రధాన కారణాల్లో ఒకటైన అరా హెచ్ 2 అనే ప్రోటీన్ నిర్మాణం 3ఓబీ4ను తెరిస్తే, ఆ గొలుసులో ఎక్కువ భాగం ఈ. కోలై బ్యాక్టీరియాది. స్ఫటికం కట్టడానికి వీలుగా మాల్టోజ్‌ను పట్టుకునే ప్రోటీన్‌ను ముందు అతికించారు. ఈ సంగతి చూపకపోతే, బ్యాక్టీరియా ఉపరితలాన్ని ఎలర్జీ కారకంగా లెక్కగట్టేస్తారు.

ఫైల్లో ఉన్నదంతా పూర్తి అణువు అనుకోవడం ఇంకో చిక్కు. ఆక్సిజన్ పట్టిన హీమోగ్లోబిన్ 1హెచ్‌హెచ్‌ఓలో ఒక ఆల్ఫా, ఒక బీటా గొలుసే ఉంటాయి. మిగతా సగాన్ని ఫైల్లోనే ఇచ్చిన సౌష్ఠవ (సిమెట్రీ) సూత్రాలతో కట్టుకోవాలి. కట్టకుండా గొలుసుల మధ్య స్పర్శలు లెక్కిస్తే సగానికి పైగా మాయం. శెనక్కాయ లెక్టిన్‌లో నాలుగు గొలుసులూ ఫైల్లోనే ఉన్నా, అవి అమరిన తీరు మామూలు నాలుగు గొలుసుల ప్రోటీన్లలో కనిపించే సౌష్ఠవానికి లొంగదు. సౌష్ఠవాన్ని బట్టి ఊహించే పనిముట్లను అలాంటి చోట ఒంటరిగా నమ్మకూడదు. పరిశోధకులు చెప్పిన అమరికనూ, సాఫ్ట్‌వేర్ చెప్పినదాన్నీ పక్కపక్కనే పెట్టి, రెండూ ఏకీభవించకపోతే ఆ మాట పైకి రాయాలి.

నాణ్యతకు ఎంత సూక్ష్మ వివరం కనిపిస్తుందో చెప్పే రిజల్యూషన్ ఒక్కటే కొలమానం కాదు. పక్కన పెట్టిన కొంత దత్తాంశంతో నమూనా ఎంత సరిపోతుందో చూసే ఆర్-ఫ్రీ, పరమాణువులు ఒకదాన్నొకటి ఒరుసుకునే లెక్క, గొలుసు మలుపుల కోణాలు సాధ్యమో కాదో చూపే రామచంద్రన్ పటంలో దారితప్పిన అమైనో ఆమ్లాల శాతం కూడా కావాలి. 1963లో పక్కనే మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్ బృందం ప్రచురించిన ఆ పటం నేటికీ ప్రపంచమంతా వాడే పరీక్ష. మందు అణువు కూర్చున్న చోటు గురించి మాత్రం మొత్తం సగటు ఏమీ చెప్పదు. అక్కడ ప్రయోగంలో కనిపించిన ఎలక్ట్రాన్ సాంద్రతకూ నమూనాకూ ఉన్న పొంతన చూడాలి, అది (పూర్తిగా కలిస్తే 1) 0.8 కంటే తగ్గితే అనుమానించాలి. స్ఫటిక ప్రయోగాల మూల దత్తాంశం ఇవ్వడం 2008లో తప్పనిసరి అయింది. అంతకు ముందువాటిలో కొన్నిటికి ఈ పొంతన లెక్కించే వీలే ఉండదు. అక్కడ గడి ఖాళీగా వదలకుండా “దత్తాంశం లేదు” అని రాయాలి, సున్నా అసలే వేయకూడదు.

ఆల్ఫాఫోల్డ్ నమూనాలను ప్రయోగ నిర్మాణాలతో ఒకే జాబితాలో కలపకుండా ఉండటానికి ఒక కారణముంది. ప్రయోగ ఫైల్లో పరమాణువు ఎంత చలిస్తోందో చెప్పే బీ-ఫ్యాక్టర్ కాలమ్‌లోనే ఆల్ఫాఫోల్డ్ తన నమ్మకం అంకెను పెడుతుంది. మొదటిది పెరిగితే అనుమానం పెరుగుతుంది, రెండోది పెరిగితే నమ్మకం పెరుగుతుంది. ఒకే రంగుల పట్టీ వాడితే గట్టి భాగం వదులుగా, వదులు భాగం గట్టిగా కనిపిస్తుంది.

పీడీబీ ప్రతి బుధవారం కొత్త నిర్మాణాలు విడుదల చేస్తుంది, మన లెక్కన ఉదయం 5.30కు. తెచ్చుకున్న ప్రతిసారీ 2పీఈఎల్, 1హెచ్‌హెచ్‌ఓ, 3ఓబీ4 లాంటి తెలిసిన ఫైళ్లపై పరీక్షలు నడిపి, తేడా వస్తే పాత కాపీనే చూపించాలి. ఉపసంహరించిన నిర్మాణాలను చెరిపేయకుండా, వాటి స్థానంలో వచ్చినదానికి దారి చూపాలి. చిన్న అణువులకు ఇచ్చే మూడక్షరాల కోడ్‌లు అయిపోయి ఐదక్షరాలవి వచ్చాయి, అలాంటివి ఉన్న నిర్మాణాలకు పాత ఫార్మాట్ ఫైలే రాదు. నిర్మాణాల నాలుగక్షరాల పేర్లు కూడా ‘పీడీబీ’, అండర్‌స్కోర్, ఆపై ఎనిమిది అక్షరాలుగా మారబోతున్నాయి. కాబట్టి పట్టికలో పేరు కాలమ్‌కు ఇప్పుడే 12 అక్షరాల చోటు ఇచ్చి, పాత పేరుతో వెతికినా దొరికేలా రెండింటికీ సూచిక కట్టాలి.