దుగాంగుల లెక్క: విమానం కిటికీ పక్కన కూర్చునేవాళ్ల మాట

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరంలో దుగాంగుల (సముద్రపు గడ్డి మేసి బతికే క్షీరదాలు, సముద్రపు ఆవులంటారు) సర్వే విమానాల్లో అబ్జర్వర్‌గా పనిచేస్తున్నాను. "కిటికీలోంచి చూస్తూ లెక్కపెట్టడమేగా" అని మా ఇంట్లోవాళ్లే అంటుంటారు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: పైనుంచి చూస్తే అన్నీ కనిపిస్తాయి.

వాస్తవం: చాలావరకు కనిపించవు. విమానం సుమారు 500 అడుగుల ఎత్తులో, గంటకు 185 కిలోమీటర్ల వేగంతో పోతుంది. రెక్క దగ్గర కట్టిన గుర్తుల మధ్య కనిపించే 200 మీటర్ల పట్టీలో ఉన్నవే లెక్క. గోధుమరంగు వీపు ఒకటి, దాన్ని అంటుకుని చిన్న పిల్ల; మైకులో "రెండు, అందులో పిల్ల ఒకటి" అనేలోపే వెనక్కి వెళ్లిపోతాయి. నీళ్లు బురదగా ఉంటే కాస్త లోతున ఉన్నది కూడా తెలియదు.

అందుకే ఒక్కో వైపు ఇద్దరం కూర్చుంటాం, ఒకరి మాట ఇంకొకరికి వినపడకుండా. నేను చూసినవాటిలో రెండో మనిషి ఎన్ని వదిలేశారు, వాళ్లు చూసినవాటిలో నేనెన్ని వదిలేశాను అని పోల్చి, ఇద్దరి కంటా పడనివి ఎన్నో అంచనా వేస్తారు. నీటి అడుగున ఉన్నవాటికి మరో సవరణ ఉంది. దుగాంగులపై పరిశోధన చేసే శాస్త్రవేత్త హెలెన్ మార్ష్ గారు, ఆమె సహచరులు దుగాంగ్ బొమ్మను నీళ్లలోకి దించి ఎంత లోతు వరకు కనిపిస్తుందో చూశారు. బతికున్న దుగాంగులకు పరికరాలు కట్టి, ఎంతసేపు పైన ఉంటాయో కొలిచారు. ఈ ఓపిక నాకు ఇప్పటికీ అబ్బురమే.

అపోహ: ఈసారి తక్కువ కనిపించాయంటే చచ్చిపోయాయన్నమాట.

వాస్తవం: మేత పోతే ఊరు విడిచినట్టే విడిచిపోతాయి. 1992లో రెండు వరదలు, ఒక తుఫాను కలిసి క్వీన్స్‌లాండ్‌లోని హెర్వీ బేలో సుమారు 1000 చదరపు కిలోమీటర్ల సముద్రపు గడ్డిని తుడిచేశాయి. చాలా దుగాంగులు చచ్చిపోయాయి, మరికొన్ని దూరతీరాలకు పోయాయి. అన్నీ కలిసొచ్చినా వీటి సంఖ్య ఏడాదికి 5 శాతం మించి పెరగదు. అందుకే ఒకచోట ఉన్నట్టుండి రెట్టింపయ్యాయంటే పక్క తీరం కూడా చూడాలి.

అపోహ: డ్రోన్లు వచ్చాక ఈ తిప్పలు ఉండవు.

వాస్తవం: ఫోటోను మళ్లీ మళ్లీ చూసుకోవచ్చు, అది పెద్ద మేలే. బురదనీళ్లు మాత్రం కెమెరాకీ అడ్డమే.

అపోహ: తమిళనాడుకీ శ్రీలంకకీ మధ్య ఉన్న మన పాక్ బేలోనూ విమానం తిప్పితే సరి.

వాస్తవం: అక్కడ మిగిలినవే కొద్ది. గీత గీసినట్టు ఎగురుకుంటూ పోతే ఒక్కటీ కనిపించకపోవచ్చు. రిపోర్టులో సున్నా అని పడితే "అక్కడ దుగాంగులు లేవు" అనేస్తారు, నా టెన్షన్ అదే. 2022లో తమిళనాడు అక్కడ 448 చదరపు కిలోమీటర్లను దుగాంగుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. వలలో చిక్కినదాన్ని విప్పి వదిలే మత్స్యకారుడు ఏ రోజు, ఎక్కడ, పక్కన పిల్ల ఉందా అని చెప్పే మూడు ముక్కలు అక్కడ నా విమానం కన్నా ఎక్కువ పనికొస్తాయి.