పాత అంబాసిడర్ ఇంజన్ అమ్మకం: అపోహలు - వాస్తవాలు

షెడ్డులో మూలన పడున్న ఇంజన్ ఫోటో పంపి, "దీనికి ఎంతొస్తుందండీ?" అని అడుగుతుంటారు. ఫోటో చూసి రేటు చెప్పేవాళ్లను నమ్మకండి, నన్ను కూడా. పాత ఇంజన్లు విప్పి బిగించి అమ్మిపెట్టే పనిలో రోజూ వినే మాటలకు ఇవీ నా జవాబులు. మన దగ్గర ఎక్కువగా కనబడేది అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ కాబట్టి దాని గురించే చెబుతాను.

అపోహ: పాతదైతే చాలు, లక్షలు పలుకుతుంది.

వాస్తవం: అంబాసిడర్ 1950ల చివర మొదలై 2014 దాకా తయారైంది. ఈ ఇంజన్ అరుదైన వస్తువేం కాదు. గిరాకీ వేరే చోట నుంచి వస్తోంది. ఒకప్పుడు మైలేజీ కోసం చాలామంది పెట్రోల్ ఇంజన్ దించేసి డీజిల్ ఎక్కించారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ (పాతకాలపు బండి) రిజిస్ట్రేషన్ కావాలంటే మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. దాంతో ఆ బళ్ల ఓనర్లు మళ్లీ పెట్రోల్ ఇంజన్ కోసం తిరుగుతున్నారు. వాళ్లకు కావాల్సింది పూర్తి సెట్టు: కార్బురేటర్, మానిఫోల్డ్, డైనమో, డిస్ట్రిబ్యూటర్, బెల్ హౌసింగ్, మౌంటింగులతో సహా. ఇవన్నీ ఊడబెరికి విడిగా అమ్మేశాక మిగిలిన బ్లాకుకు పాత ఇనుము రేటు కంటే పెద్దగా ఏమీ రాదు.

అపోహ: స్టార్ట్ అయిన వీడియో ఉంటే ఇంజన్ బాగున్నట్టే.

వాస్తవం: అరిగిన ఇంజన్ కూడా స్టార్ట్ అవుతుంది. తెలిసిన కొనుగోలుదారు కంప్రెషన్, అంటే సిలిండర్లో పుట్టే ఒత్తిడి, ఎంతని అడుగుతాడు. ఇంజన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, సెల్ఫ్ కొట్టి కంప్రెషన్ గేజ్‌తో ఒక్కో సిలిండర్ చూడాలి. అంకె ఎంతన్నదాని కంటే నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం. ఒకటి బాగా తక్కువుంటే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే పిస్టన్ రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు. పెరగకపోతే లోపం వాల్వులదా, హెడ్ గ్యాస్కెట్‌దా అని చూసుకోవాలి.

వీలైతే హెడ్ దించండి. పిస్టన్ నెత్తి మీద 020, 040 లాంటి అంకె ఉంటే ఆ బ్లాకు సిలిండర్లను అన్ని థౌ (అంగుళంలో వెయ్యో వంతు) పెద్దవి చేస్తూ బోరింగ్ అయిపోయిందని అర్థం. 060 కనబడితే తర్వాతిసారి లైనర్లే (సిలిండర్లో కొత్తగా దించే గొట్టాలు) గతి. కొనేవాడు ఆ ఖర్చును మీ రేటులోంచే కోస్తాడు. కూలెంట్ బదులు బోరుబావి నీళ్లు పోసి నడిపిన బళ్లలో డ్రెయిన్ ట్యాప్ తిప్పితే ఎర్రటి బురద వస్తుంది. అలాంటప్పుడు వెల్చ్ ప్లగ్గుల (బ్లాకు రంధ్రాలు మూసే రేకు బిళ్లలు) చుట్టూ కూడా వేలు పెట్టి చూడండి.

అపోహ: పెయింట్ కొట్టిస్తే రేటు పెరుగుతుంది.

వాస్తవం: తగ్గుతుంది! కొత్త రంగు కింద పగులో, వెల్డింగో దాచారని అనుమానిస్తారు. డీజిల్‌తో కడిగితే చాలు.

అపోహ: ఇది ఎంజీ స్పోర్ట్స్ కారు ఇంజనే, ఫారిన్ వాళ్లు ఎగబడి కొంటారు.

వాస్తవం: సగం నిజం. రెండు ఇంజన్లూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ల బీ-సిరీస్ కుటుంబమే. 1955లో వచ్చిన ఎంజీ వాళ్ల స్పోర్ట్స్ కారు ఎంజీఏ కూడా 1489 సీసీతోనే మొదలైంది. కానీ దానికి ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు రెండు ఉంటాయి, పైగా ఆ కారు ఓనర్లు వెతికేది తమ కారుకు మొదట బిగించిన అసలు నంబరు ఇంజన్. తర్వాతి మోడల్ ఎంజీబీ అయితే 1798 సీసీ, అంటే వేరే సైజు.

అపోహ: ఇంజన్ విడిగా అమ్మడానికి కాగితాలెందుకు?

వాస్తవం: ఆర్సీలో ఇంజన్ నంబరు ఉంటుంది. కొన్నవాళ్లు తమ బండికి బిగించాక ఆర్టీఓ దగ్గర మార్పు రాయించుకోవాలి. అక్కడ మీ కాగితం అడుగుతారు. నంబరు గీకేసిన ఇంజన్‌ను నేనైతే ముట్టుకోను, ఎంత చవగ్గా ఇచ్చినా సరే. బండి ఇంకా నడిచే స్థితిలో ఉండి, ఆర్సీలో ఉన్న ఇంజనే దాంట్లో ఉంటే అసలు దించకండి, కలిపి అమ్మితేనే మంచి ధర. ఇంజన్ విడిగా అమ్మితే ఆర్సీ కాపీ, సంతకాలతో సేల్ లెటర్, కొన్నవాళ్ల గుర్తింపు కార్డు కాపీ మీ దగ్గరా ఒక సెట్టు ఉంచుకోండి. ఆటోలో ఎక్కించే ముందే నంబరు స్పష్టంగా కనబడేలా ఫోటో తీసుకోండి.