ఐటీఐ, అప్రెంటిస్, జాబ్‌మేళా: మా శ్రీకాకుళంలో వినిపించే అపోహలు - వాస్తవాలు

పది, ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి మాకు ఊపిరి సలపదు. ఐటీఐ ప్రవేశాలు, అప్రెంటిస్ దరఖాస్తులు, జాబ్‌మేళాలు చూసే పని నాది. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా ఎక్కడి తల్లిదండ్రులు వచ్చినా అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. ఏ పథకం ఎవరి మీద ఏ బాధ్యత పెడుతోందో తెలియక పిల్లలు ఏళ్లకేళ్లు పోగొట్టుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నైపుణ్య గణనలో పేరెక్కితే, ఎంప్లాయ్‌మెంట్ కార్డు ఉంటే ఉద్యోగం అదే వస్తుంది.

వాస్తవం: 2024 జూన్‌లో ముఖ్యమంత్రి బాధ్యతలు తీసుకుంటూ చంద్రబాబు నాయుడు సంతకం పెట్టిన అయిదు ఫైళ్లలో నైపుణ్య గణన ఒకటి. ఎవరికి ఏ పని వచ్చో లెక్క తేల్చడం దాని ఉద్దేశం. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజీల కోసం చేసిన 1959 చట్టం కూడా ఖాళీల సమాచారం ఇవ్వమని యజమానులకు చెప్పిందే గాని, అక్కడ పేరున్నవాళ్లనే తీసుకోవాలని చెప్పలేదు. పేరు రాయించుకోండి, ఫోన్ నంబరు మారితే మార్పించండి. కార్డు మీద నమ్మకంతో ఇంట్లో మాత్రం కూర్చోవద్దు.

అపోహ: 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టముంది, కాబట్టి పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో, మూలపేట పోర్టులో, భోగాపురం ఎయిర్‌పోర్టులో ఉద్యోగాలు మనవే.

వాస్తవం: 2019లో ఆ చట్టం వచ్చిన మాట నిజం. దాన్ని కోర్టులో సవాలు చేసిన మాటా నిజం. అయితే అందులో మనవాళ్లు చదవని ముక్క ఒకటుంది. అర్హత ఉన్న స్థానికులు దొరక్కపోతే, కంపెనీ ప్రభుత్వ సహకారంతో మూడేళ్లలో స్థానికులకు శిక్షణ ఇచ్చి తీసుకోవాలి. అంటే చట్టం కూడా మొదట అడిగేది అర్హతే. మందుల కంపెనీలో ఉత్పత్తి విభాగానికి బీఎస్సీ కెమిస్ట్రీ, కెమికల్ డిప్లొమా, ఐటీఐలో అటెండెంట్ ఆపరేటర్ కెమికల్ ప్లాంట్ ట్రేడు చదివినవాళ్లు కావాలి. ఊళ్లో భూమిచ్చిన కుటుంబం బాధ నాకు తెలుసు, అది న్యాయమైన బాధ. ఆ కుటుంబంలోని పిల్లలకు ఈ చదువుల సంగతి చెప్పేవాళ్లు లేకపోవడం ఇంకా పెద్ద అన్యాయం.

ఇంకొక మాట. పోర్టు, ఎయిర్‌పోర్టు కట్టేటప్పుడు కావలసినవాళ్లు వేరు, నడిపేటప్పుడు కావలసినవాళ్లు వేరు. కట్టేటప్పుడు వెల్డర్లు, రాడ్ బెండింగ్ వాళ్లు, క్రేన్ ఆపరేటర్లు. నడిచేటప్పుడు ఎలక్ట్రీషియన్లు, మెకానిక్కులు, సరుకు లెక్కలు చూసేవాళ్లు, కంప్యూటర్ వచ్చినవాళ్లు. నిర్మాణంలో దొరికిన పని నిర్మాణంతోనే అయిపోవచ్చు. ఆ కాలంలోనే రెండో దానికి సిద్ధం కావాలి.

అపోహ: "ఐటీఐ సేరితే ఏటొస్తాది బాబూ, బీటెక్ సదివినోళ్లే కాలీగున్నారు."

వాస్తవం: ఈ మాట నేను విన్నన్నిసార్లు ఇంకేదీ విని ఉండను. ఫిట్టర్ కుర్రాడికి మొదట్లో ఇచ్చే పని చూడండి. ఇనుప పలకను వైస్‌లో బిగించి ఆకురాయితో రుద్దాలి. మూలమట్టం చూసే ట్రైస్క్వేర్ ఆనించి వెలుతురుకెత్తితే సందులోంచి వెలుగు కనబడకూడదు. కనబడితే మళ్లీ రుద్దాలి. చేతులు బొబ్బలెక్కుతాయి, కొందరు ఆ వారమే మానేస్తారు. నిలబడ్డవాళ్లు మిల్లీమీటరులో యాభయ్యో వంతు తేడాను వెర్నియర్ అనే కొలత పరికరం మీద చదవడం నేర్చుకుంటారు. ఇంటర్వ్యూకి వచ్చిన కంపెనీ ఇంజినీరు చాలాసార్లు సర్టిఫికెట్ పక్కన పెట్టి ఆ వెర్నియరే చేతికిచ్చి, "కొలత చెప్పు" అంటాడు. అక్కడ డిగ్రీ పేరు అక్కరకు రాదు.

పై చదువు ఆగిపోతుందన్న భయమూ అక్కర్లేదు. ఐటీఐ తరవాత బ్రిడ్జి కోర్సు మీదుగా పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి, డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు.

అపోహ: అప్రెంటిస్ అంటే జీతం లేని చాకిరీ.

వాస్తవం: అప్రెంటిస్ అంటే సంస్థలో పనిచేస్తూ, స్టైపెండు అనే నెల భత్యం తీసుకుంటూ పని నేర్చుకునేవాడు. యువత కోసం ఉన్న పథకాలన్నిటిలో మన పిల్లలు తక్కువగా వాడుకుంటున్నది ఇదే అని నా అభిప్రాయం. 1961 నాటి అప్రెంటిస్ చట్టం, దాని నియమాల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. 2019లో సవరించిన నియమాలు చదువును బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయల దాకా కనీస స్టైపెండు నిర్ణయించాయి. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద ఆ స్టైపెండులో పావు వంతు, నెలకు 1,500కు మించకుండా, కేంద్రం భరిస్తుంది. ఆ వాటా ఇప్పుడు నేరుగా కుర్రాడి ఖాతాలోనే పడుతుంది. ఖాతాకు ఆధార్ లింకు లేక, పది సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒకలా ఆధార్‌లో ఒకలా ఉండి డబ్బు ఆగిపోయినవాళ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. చేరకముందే సరిచేయించుకోండి.

అప్రెంటిస్ పూర్తయితే అక్కడే ఉద్యోగమివ్వాలని చట్టం సంస్థను కట్టడి చేయదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే తరవాత పిల్లల మనసు విరిగిపోతుంది. కాని చేతికొచ్చే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్‌కు విలువుంది. రైల్వే లెవెల్-1 (పాత గ్రూప్-డి) నియామకాల్లో రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్లకు 20 శాతం పోస్టులు ఉంటాయి. రైల్వే ట్రేడ్ అప్రెంటిస్ ఎంపికకు రాతపరీక్ష లేదు, పది, ఐటీఐ మార్కులే చూస్తారు. విశాఖ నేవల్ డాక్‌యార్డుకైతే పరీక్ష రాయాలి.

చేరినరోజే అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదైన కాంట్రాక్టు కాగితం అడగండి. అది లేకుండా "అప్రెంటిస్" అని పిలిచి పన్నెండు గంటలు నిలబెట్టే చోట మీరు అప్రెంటిస్ కారు, తక్కువ కూలికి దొరికిన మనిషి.

అపోహ: జాబ్‌మేళాలో చెప్పిన జీతమే చేతికొస్తుంది.

వాస్తవం: ఆఫర్ లెటర్‌లో సీటీసీ, అంటే మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు, నెలకు 17,720 అని ఉందనుకోండి. అందులో యాజమాన్యం కట్టే పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (వైద్య బీమా) కూడా కలిపేస్తారు. అవి తీస్తే 16,000. బేసిక్ 10,000 అయితే మీ వాటా పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 120, వృత్తిపన్ను 150 కోసి చేతికి 14,530 ఇస్తారు. బస్సు, క్యాంటీన్ కోతలుంటే అవి వేరే. పీఎఫ్ మీ డబ్బే, పోయిందని బెంగపడొద్దు. గది అద్దె లెక్క మాత్రం 14,530 మీద వేసుకోండి.

అపోహ: ఆడపిల్లలకు ఫ్యాక్టరీలు పనికిరావు.

వాస్తవం: రాత్రి షిఫ్టుకు అమ్మాయి సమ్మతి ఉండాలి, రవాణా, భద్రత యాజమాన్యం చూసుకోవాలి. ఈ రెండూ కాగితం మీద అడగండి. ల్యాబ్, ప్యాకింగ్ విభాగాల్లో మన అమ్మాయిలు నిలదొక్కుకుంటున్నారు.

అపోహ: ఏజెంటుకు లక్షలు కడితేనే గల్ఫ్ ఉద్యోగం.

వాస్తవం: మా జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఈ నమ్మకం ఎన్ని ఇళ్లను అప్పులపాలు చేసిందో చెప్పలేను. 1983 వలస చట్టం ప్రకారం లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగే సేవా రుసుము 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ, అంతే. పది పాసైతే పాస్‌పోర్టు మీద వలస తనిఖీ కావాలన్న ముద్ర పడదు. అందుకే పది మానేసిన కుర్రాళ్లను ముందు ఓపెన్ స్కూల్లో పది పూర్తి చేయమంటాను. ఏజెంటు లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ద్వారా కూడా వెళ్లొచ్చు. విజిట్ వీసా మీద పంపి, అక్కడికెళ్లాక మారుస్తానన్నవాడికి డబ్బు గాని పాస్‌పోర్టు గాని ఇవ్వకండి. నంబరు ఎలా చూసుకోవాలో తెలియకపోతే దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐకి వెళ్లి అడగండి, చూసిపెడతారు.