రోడ్డు చేతిలో రెండుసార్లు ఓడిన మంబుల్స్ రైలు

వేల్స్ దక్షిణ తీరంలో, స్వాన్సీ అఖాతానికి పడమటి కొసన మంబుల్స్ ఉంది. ఊరి మధ్య గుట్టమీద 12వ శతాబ్దంలో మొదలైన ఆయిస్టర్‌మౌత్ కోట, భూశిరం చివర రెండు చిన్న దీవులు, బయటి దీవిమీద 1794 నాటి దీపస్తంభం. ఆటు సమయంలో అక్కడిదాకా నడిచి వెళ్లవచ్చు.

స్వాన్సీ నుంచి తీరం వెంబడి నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు వచ్చే దారి ఒకప్పటి రైలు దారి. సున్నపురాయి, బొగ్గు, ఇనుప ఖనిజం మోయడానికి 1804లో పార్లమెంటు దీనికి అనుమతినిచ్చింది. 1807 మార్చి 25న దీనిపై మనుషులూ ఎక్కారు. టికెట్టు తీసుకుని పట్టాలమీద ప్రయాణించడం ప్రపంచంలో మొదలైంది ఇక్కడే. చాలామంది తొలి రైలుగా చెప్పుకునే స్టాక్‌టన్–డార్లింగ్టన్ లైను అప్పటికింకా 18 ఏళ్ల దూరంలో ఉంది. మంబుల్స్ పెట్టెను లాగింది మాత్రం గుర్రం. గంటకు 5 మైళ్ల వేగం; ఇరవై సమ్మెటలు ఒక్కసారిగా మోగుతున్నట్టు చప్పుడని ఆనాటి యాత్రికుడొకరు విసుక్కున్నాడు.

1820లలో పక్కనే సుంకం రోడ్డు వేశారు. గుర్రపు బస్సులు ప్రయాణికులను ఎగరేసుకుపోయాయి. 1860లో గానీ రైల్లోకి మళ్లీ జనం ఎక్కలేదు. 1877లో ఆవిరి ఇంజను వచ్చింది. 1898లో సముద్రంలోకి 835 అడుగుల షికారు వంతెన కట్టి, పట్టాలను దానిదాకా పొడిగించారు. ఆల్చిప్పల వేటతో బతికిన ఊరు సెలవుల ఊరైంది.

1929లో కరెంటుతో నడిచే రెండంతస్తుల పెట్టెలు 13 వచ్చాయి. ఒక్కొక్కదానిలో 106 సీట్లు. 1945లో దాదాపు 50 లక్షల ప్రయాణాలు సాగాయి. ఇంత ఆదరణ ఉన్న రైలు దానంతటదే చచ్చిపోయిందంటే నేను ఒప్పుకోను. దాన్ని నడుపుతున్న బస్సు కంపెనీయే 1958లో పూర్తిగా కొనేసింది. స్థానికులు వద్దన్నా మూసివేతకు పార్లమెంటు అనుమతి దొరికింది. 1960 జనవరి 5 ఆఖరి రోజు. మర్నాటి నుంచి బస్సులే.

పెట్టెలన్నీ తుక్కుకు పోయాయి. లీడ్స్‌లో భద్రపరచాలని తీసుకెళ్లిన ఒక్క పెట్టెనూ అల్లరి మూకలు పాడుచేశాయి. మిగిలింది ఏడో నంబరు పెట్టె ముందుభాగం. వెనక పెట్టె లేని ఆ ముఖం స్వాన్సీ మ్యూజియం వారి ట్రామ్ షెడ్డులో ఉంది.