వంతెన అమెరికాకు, దీవి కెనడాకు: కొన్ని అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో చాలా ఏళ్ళుగా పిల్లలకు భూగోళం చెబుతున్నాను. మ్యాపులో కాంపోబెల్లో దీవి కనిపించగానే ఏటా ఇవే మాటలు.

అపోహ: వంతెన అమెరికాకు ఉంటే దీవి కూడా అమెరికాదే.

వాస్తవం: కాదు, అది కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్‌ది. 1962లో తెరిచిన వంతెన మాత్రం అమెరికాలోని లూబెక్ ఊళ్ళో దిగుతుంది. అమెరికా అధ్యక్షుడిగా చేసిన ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ వేసవి ఇల్లు ఈ దీవి మీదే ఉండడంతో తికమక ఇంకా ఎక్కువ. 1921లో ఆయన కాళ్ళు పడిపోయే జబ్బు పట్టుకున్నది ఇక్కడే. ఇప్పుడా ఇల్లున్న పార్కును రెండు దేశాలూ కలిసి నడుపుతున్నాయి, నేల కెనడాదే. పిల్లలకు మన రైలు గుర్తు చేస్తాను. పర్లాకిమిడిలో బరంపురానికి రైలెక్కితే పాతపట్నం, టెక్కలి మీదుగా నౌపడ చేరి, ఇచ్ఛాపురం దాటాక కదా మళ్ళీ ఒడిశా! అంతమాత్రాన మన ఊరు ఆంధ్రాది అయిపోయిందా?

అపోహ: వంతెన పడ్డాక ఇక టెన్షన్ ఏముంది?

వాస్తవం: అసలు తంటా ఇక్కడే. కెనడా వైపు పోవడానికి పక్క దీవికి వెళ్ళే ఫెర్రీ చలికాలంలో ఆగిపోతుంది. అప్పుడు సొంత దేశపు ఊరికి పోవాలన్నా వంతెన మీద అమెరికాలోకి దిగి, గంటకు పైగా కారు నడిపి, సెయింట్ స్టీఫెన్ దగ్గర మళ్ళీ కెనడాలోకి రావాలి. రెండు చోట్లా కాగితాలు చూపాలి. కెనడా నుంచి కెనడాకే వెళ్ళే ఉత్తరాల సంచులు కూడా అమెరికా మీదుగానే పోతాయి. దారిలో అమెరికా అధికారులు వాటిని విప్పి చూస్తున్నారని 2019లో పెద్ద గొడవైంది. పైగా వంతెన దాటితే గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి. "అయితే న్యూ ఇయర్ రెండుసార్లు చేసుకోవచ్చు కదండీ మాస్టారూ!" అందో పిల్ల. నాకు తట్టనే లేదు.

అపోహ: అమెరికాకు చెందిన పాయింట్ రాబర్ట్స్ కూడా ఇలాంటి దీవే.

వాస్తవం: అది కెనడా నేలకు అతుక్కున్న కొమ్ము. 1846 ఒప్పందంలో 49 డిగ్రీల గీత దగ్గర హద్దు పెడితే, కొస అమెరికా వాటాకొచ్చింది.

అపోహ: మన దగ్గర ఇలాంటివి లేవు.

వాస్తవం: మన ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా వాళ్ళను అడగండి. బలిమెల రిజర్వాయరు నీళ్ళు చుట్టేయడంతో చిత్రకొండ అవతలి ఊళ్ళకు నేల మీద దారి ఆంధ్రా వైపే మిగిలింది. ఆ ప్రాంతాన్ని 'కటాఫ్ ఏరియా' అనేవారు. సొంత జిల్లా ఆఫీసులో పని పడితే లాంచీ ఎక్కాల్సి వచ్చేది. 910 మీటర్ల గురుప్రియ వంతెన 2018లో గానీ తెరవలేదు.