నూనె మానేసినా లివర్‌లో కొవ్వెందుకు?

తిరుపతిలో స్కాన్ రిపోర్టు మీద ‘ఫ్యాటీ లివర్’ అని కనపడగానే చాలామంది టెన్షన్ పడి ముందు తగ్గించేది నూనె. వేపుళ్లు, బజ్జీలు బంద్. పూటకు రెండు సంగటి ముద్దలు, బెల్లం కాఫీ మాత్రం యథాతథం. లివర్‌లో చేరే కొవ్వులో కొంత అక్కడే, మనం తిన్న పిండిపదార్థాల నుంచే తయారవుతుందన్న సంగతి అంత తొందరగా నమ్మబుద్ధి కాదు. శాస్త్రవేత్తలకూ దాని వెనక ఉన్న కిటుకు అంతుచిక్కడానికి చాలాకాలం పట్టింది.

లివర్ చక్కెరను గ్లైకోజెన్‌గా దాస్తుందని 1857 నాటికే ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్డ్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. అయితే ఆ గాదె చిన్నది, పెద్దవాళ్లలో సుమారు 100 గ్రాములు పడుతుంది. నిండాక మిగిలిన చక్కెరలో కొంత కొవ్వుగా మారుతుంది. ఆ మార్పుకు కావలసిన ఎంజైములను తయారు చెయ్యమని జన్యువులకు చెప్పేదెవరు? 1921లో ఇన్సులిన్ దొరికాక అందరి చూపూ దాని మీదే నిలిచింది.

ఎలుకల లివర్ కణాలను గాజు పాత్రల్లో పెంచి చూసినప్పుడు లెక్క మారింది. ఆ మార్పుకు సాయపడే పైరువేట్ కైనేజ్ అనే ఎంజైము జన్యువు ఇన్సులిన్ ఒక్కటి పోస్తే సరిగా మేలుకోలేదు, గ్లూకోజ్ కూడా ఉండాల్సి వచ్చింది. బ్యాంకు లాకరుకు మన తాళంచెవి ఒకటి, మేనేజరుది ఒకటి ఉన్నట్టు. గ్లూకోజ్ కబురును జన్యువుకు చేర్చే ఆ రెండో తాళంచెవి 2001లో అమెరికాలోని డల్లాస్‌లో కొసాకు ఉయెదా బృందానికి దొరికింది. సీహెచ్‌ఆర్‌ఈబీపీ అనే ప్రొటీన్ అది. నోరు తిరగని పేరే, ఏం చేస్తాం.

ఉయెదా బృందం చెప్పిన కథ ఇది. పస్తున్నప్పుడు గ్లూకగాన్ హార్మోన్ కణం తలుపు తడుతుంది. లోపల సైక్లిక్ ఏఎంపీ అనే కబురు మోసే అణువు పెరుగుతుంది, దాంతో ఒక కైనేజ్ ఎంజైము ఈ ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ ఫాస్ఫేట్ ఉన్నంతసేపూ ప్రొటీన్ కేంద్రకం బయటే పడిగాపులు. అన్నం తిన్నాక లోపలికొచ్చిన గ్లూకోజ్ నుంచి పుట్టే ఒక పదార్థం ఆ ఫాస్ఫేట్‌ను ఊడగొట్టిస్తుంది. అప్పుడది కేంద్రకంలోకి వెళ్లి, ఎంఎల్‌ఎక్స్ అనే జతగాడితో కలిసి కొవ్వు తయారుచేసే జన్యువులను లేపుతుంది. ఫాస్ఫేట్ ఒక్కదానితోనే అంతా తేలిపోదని, కణంలోకి రాగానే గ్లూకోజ్ మారే రూపమైన గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ పాత్ర కూడా ఉందని తర్వాత వేరే ల్యాబులు వాదించాయి. ఆ వాదన పూర్తిగా చల్లారలేదు.

పోనీ, ఆ ప్రొటీన్‌నే తీసేస్తే? ఊబకాయం ఉన్న ఎలుకల్లో అలా చేస్తే లివర్‌లో కొవ్వు తగ్గింది. కానీ అది పుట్టుకతోనే లేని ఎలుకలకు చక్కెర, ఫ్రక్టోజ్ (పండ్లలో ఉండే చక్కెర) దండిగా పెడితే తట్టుకోలేక చాలావరకు చచ్చిపోయాయి. ఫ్రక్టోజ్‌ను సర్దుకోవడానికీ లివర్‌కు ఈ ప్రొటీనే కావాలన్నమాట.

ఇక బెల్లం సంగతి. చక్కెర మానేసి చిత్తూరు బెల్లానికి మారాం కదా అనుకునేవాళ్లు మనలో తక్కువేం కాదు. బెల్లంలోనూ ఎక్కువ భాగం సుక్రోజే. కడుపులోకి వెళ్లాక అది సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది.